పొన్నంకి కాలికి కట్టిన చీటీ

మొన్న వేసవిలో, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన డిగ్రీ కళాశాల నుంచి కబురు వచ్చింది. జంతుశాస్త్ర విభాగాన్ని కొత్త భవనంలోకి మారుస్తున్నారట. పాత మ్యూజియం గదిలో ఏది ఉంచాలో, ఏది పారేయవచ్చో ఒకసారి వచ్చి చూసి చెప్పమన్నారు. నా ఉద్యోగ జీవితంలో సగం ఆ గదిలోనే గడిచింది. కాదనలేక వెళ్లాను.

తలుపు తీయగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే పాత తోలు వాసన. గాజు తలుపుల బీరువాలో, కింది అరలో 19 పక్షులు. అన్నీ లోపల దూది, గడ్డి కూరి కొయ్య పీటల మీద నిలబెట్టినవి. ఏడాది కిందట తనిఖీ బృందం వస్తోందని హడావిడిగా అన్నిటికీ కొత్త పేర్లు అచ్చు తీయించి అంటించారు. పైన తెలుగు పేరు, కింద లాటిన్ పేరు. వరసగా చూసుకుంటూ వస్తూ మూడో పక్షి దగ్గర ఆగిపోయాను. దాని పీట మీద ‘లకుముకి పిట్ట’ అని ఉంది.

అది లకుముకి కాదు. లకుముకి ముక్కు పొడవుగా బాకులా ఉంటుంది, దీని ముక్కు పొట్టిగా, దిట్టంగా ఉంది. లకుముకి కాళ్లు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి, ఇది పొడవాటి కాళ్ల మీద నేల మీద నడిచే పక్షిలా నిలబడింది. వీపు మీది ఆకుపచ్చ ఎండిన తమలపాకు రంగుకు దిగిపోయింది. కంటి మీదుగా నల్లటి పట్టీ, రెక్క భుజం దగ్గర ఇంకా మెరుస్తున్న చిటికెడు నీలం, తోక కింద ఒకప్పటి ఎరుపు వెలిసి ఇటుకపొడిలా మిగిలింది. తోక అయితే కత్తిరించినట్టు పొట్టి. రంగులు చూసి ఎవరో లకుముకి అనుకుని ఉంటారు. పీట వెనక్కి తిప్పాను. కాలికి పురికొసతో కట్టి, మడత పడిపోయిన చిన్న కార్డు ముక్క ఒకటి కనిపించింది. సిరా గోధుమ రంగుకు తిరిగింది కానీ అక్షరాలు చక్కగా ఉన్నాయి:

‘పొన్నంకి. 1958 అక్టోబరు 11, రాత్రి. హాస్టలు వరండాలో దీపం కింద పడి దొరికినది. ఆడో మగో తెలియలేదు. పేరు చెప్పినది వంటమనిషి.’

నాతో ఉన్న కుర్ర అధ్యాపకుడు మంచివాడు, పిల్లలకు శ్రద్ధగా చెబుతాడని పేరు. ఆయన కార్డు చూసి, “మేడమ్, అది పాత చీటీ, చిరిగిపోతోంది. పేరు సరిచేసి లాటిన్‌లో కొత్తది అంటిద్దాం, దాన్ని తీసేద్దాం” అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. అయినా ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ వారం ఆలోచనే ఈ వ్యాసం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మ్యూజియంలో పక్షిని గుర్తుపట్టడమంటే దానికి లాటిన్ పేరు తగిలించడం అనుకుంటాం. అది సగం పనే. దాన్ని ఎక్కడ, ఎప్పుడు పట్టారు, పట్టినవాళ్లు ఏమని పిలిచారు అన్న ముక్కలు ఆ చర్మంలో భాగమే. వాటిని తీసేస్తే పక్షికి ఒక రెక్క ఊడదీసినట్టే. లాటిన్ పేరు ఎప్పుడైనా మళ్లీ పెట్టుకోవచ్చు. వంటమనిషి చెప్పిన మాట పోతే మళ్లీ రాదు.

కాకుల గుంపులో మూడు పిట్టలు

ఉష్ణదేశాల పక్షులు యూరప్ మ్యూజియాలకు మొదట చేరిన రోజులు గుర్తు చేసుకోండి. పక్షి చచ్చిపోయి, ఎండిపోయి, ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి, పురుగు తినగా మిగిలినది బల్ల మీదికి వచ్చేది. కూత ఎలా ఉంటుందో తెలియదు. నడుస్తుందో గెంతుతుందో, ఏ వేళ తిరుగుతుందో తెలియదు. చాలాసార్లు చర్మం కూడా ఉండేది కాదు, ఎవరో గీసిన రంగుల బొమ్మ ఒక్కటే ఆధారం.

ప్రాణులకు లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి నెలకొల్పిన లిన్నేయస్ అంతటివాడు 1758 నాటి పుస్తకంలో మన పాలపిట్టను కాకుల ప్రజాతిలో, కోర్వస్ కింద చేర్చాడు. అదే పుస్తకంలో తోకపిగిలిపిట్టను, తెల్లటి పొడవాటి రిబ్బన్లలాంటి తోకతో తోటల్లో తిరిగే ఆ సుకుమారాన్ని కూడా కోర్వస్‌లోనే వేశాడు. 1766లో పొన్నంకిని సైతం కోర్వస్ బ్రాకియురస్ అన్నాడు, అంటే పొట్టి తోక కాకి. మూడూ కాకులే! ఆ పక్షులను బతికుండగా చూసిన ఏ పల్లెటూరి పిల్లవాడూ ఈ పొరపాటు చేయడు. లిన్నేయస్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్వీడన్‌లో కూర్చుని ప్రపంచంలోని ప్రాణికోటికంతటికీ అరలు కట్టాలనుకున్న మనిషి, ఎక్కడా ఇమడనిదాన్ని తెలిసిన అరలో పెట్టక ఏం చేస్తాడు?

ఇక్కడ నన్ను కదిలించే సంగతి ఒకటుంది. లిన్నేయస్ కన్నా అరవై ఏళ్ల ముందే మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే ఆంగ్లేయ వైద్యుడు ఉండేవాడు. ఆయన ఇక్కడి పక్షుల వివరాలు లండన్‌లోని జేమ్స్ పెటివర్‌కు పంపాడు. పెటివర్ మందుల వ్యాపారి. దేశదేశాల నుంచి ఎండిన మొక్కలు, పురుగులు, గవ్వలు, పక్షులు తెప్పించి ఇల్లు నింపుకున్నవాడు. ఆయన పోయాక ఆ సేకరణను హాన్స్ స్లోన్ కొన్నాడు, స్లోన్ సేకరణ మీదే 1753లో బ్రిటిష్ మ్యూజియం లేచింది. పెటివర్ రాసిన మద్రాసు పక్షుల జాబితా 1713లో, ఆంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు జాన్ రే మరణానంతరం అచ్చయిన పక్షుల పుస్తకానికి అనుబంధంగా వచ్చింది. ఆ జాబితాలో మన పక్షి జెంటూల పేరుతోనే ఉంది: పొన్నంకి పిట్ట. అప్పట్లో ఆంగ్లేయులు తెలుగువాళ్లను జెంటూలు అనేవారు.

ఆలోచించండి. మద్రాసులో ఎవరో తెలుగు మనిషి, పేరు ఎక్కడా లేని మనిషి, పక్షిని చూపి ‘పొన్నంకి పిట్ట’ అన్నాడు. బక్లీ ‘ఏదో దేశవాళీ మాట’ అని కొట్టిపారేయకుండా రాసుకున్నాడు. పెటివర్ దాన్ని కత్తిరించకుండా అచ్చు వేయించాడు. నూరేళ్ల తరువాత, 1816లో, వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ జాతిని వేరుచేసి ప్రజాతి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు పిట్ట అన్న మాటనే తీసుకున్నాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న 40కి పైగా జాతులను ఈ రోజు ప్రపంచమంతా పిట్టలనే పిలుస్తుంది. లిన్నేయస్ పెట్టిన కాకి పేరు నిలవలేదు. పేరులేని మనిషి చెప్పిన తెలుగు మాట నిలిచింది.

నేను ఏళ్ల తరబడి తరగతిలో ‘పిట్ట బ్రాకియురా’ అని బోర్డు మీద రాశాను. అందులో సగం మన ఇంటి మాటేనని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ పిల్లలకు చెప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బల్ల మీది చర్మం చెప్పనివి

లాటిన్ పేర్లలో చాలా వాటికి ఒక లక్షణం ఉంది. అవి పక్షి గురించి కాక, బల్ల మీది చర్మం గురించి చెబుతాయి. పొట్టి తోకది, ఎర్ర మెడది, రెండు పట్టెలది. చూడగలిగినది అదే కాబట్టి అదే పేరయింది.

దీనికి పరాకాష్ఠ స్వర్గపక్షి. న్యూగినీ పక్కనున్న అరూ దీవుల్లో, తళతళలాడే ఈకలను అమ్మడం కోసం పక్షిని ఎండబెట్టేటప్పుడు కాళ్లు తీసేసేవారు. ఆ చర్మాలే యూరప్‌కు చేరాయి. చూసినవాళ్లు ఇది కాళ్లు లేని పక్షి, నేల మీద వాలదు, ఆకాశంలోనే ఉంటుంది అనుకున్నారు. కాళ్లుంటాయని చెప్పినవాళ్లు లేకపోలేదు. మాజెల్లాన్ ఓడల మీద వెళ్లిన పిగాఫెట్టా 1520లలోనే దాని కాళ్ల గురించి రాశాడు. మొలక్కా దీవుల్లోని బచాన్ రాజు ఇచ్చిన ఆ పక్షులను అక్కడివాళ్లు ఏమనేవారో కూడా రాశాడు: ‘బోలోన్ దివాత’, దేవతా పక్షి. ఆ దివాత మన దేవతేనని వేరే చెప్పనక్కరలేదు. ఇంత రాసి ఉన్నా 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు పారడైసియా అపోడా, కాళ్లు లేనిది. ఆ పేరు ఇప్పటికీ అదే. తయారుచేసినవాళ్లు చర్మం నుంచి ఏం తీసేశారో చీటీ మీద ఒక్క ముక్క రాసి పంపి ఉంటే చాలు.

ఎక్లెక్టస్ చిలుకల కథ ఇంకా విచిత్రం. మగది పచ్చగా, ఆడది ఎర్రగా ఉంటుంది. యూరప్ మ్యూజియాల్లో చాలాకాలం పచ్చవి ఒక జాతి, ఎర్రవి ఇంకో జాతి. న్యూగినీలో తిరిగిన అడాల్ఫ్ మేయర్ 1870లలో, తాను చూసిన పచ్చవన్నీ మగవే, ఎర్రవన్నీ ఆడవే అని గమనించి, రెండూ ఒకటే అని చెప్పేదాకా ఈ పొరపాటు సాగింది. ఆ బీరువాల్లోని చర్మాల మీద ‘మగ’, ‘ఆడ’ అని రెండక్షరాలు ఉంటే ఎంత శ్రమ తప్పేది! అందుకే 1958లో మా కళాశాల మనిషి రాసిన ‘ఆడో మగో తెలియలేదు’ అన్న మాట అంటే నాకు గౌరవం. పొన్నంకిలో రెండూ ఒక్కలాగే ఉంటాయి, పొట్ట కోసి చూస్తే తప్ప తెలియదు. తెలియనిదాన్ని ఊహించి రాయకుండా తెలియదనే రాశాడు.

చోటు పేరు తప్పితే ఇంకా ఘోరం. ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా న్యూగినీకి ఇవతలే ఉన్న గెబె దీవి దాకా వెళ్లి, న్యూగినీ యాత్ర అని పుస్తకం వేశాడు. ఆయన తనవిగా చూపిన పక్షుల్లో ఆస్ట్రేలియా నవ్వుల లకుముకి, కూకబర్ర, ఒకటి. దాన్ని నమ్మి 1783లో హెర్మాన్ అనే శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. అలా న్యూగినీలో ఎక్కడా లేని పక్షికి నోవెగినియే, అంటే న్యూగినీది, అన్న పేరు శాశ్వతమైంది. పేరు పెట్టే నియమాల ప్రకారం దాన్ని మార్చడానికి వీల్లేదు.

కలివికోడికి రెండు పేర్లు

ఇక మన గడప దగ్గరికి వస్తాను. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం 1814లో మొదలైంది, మొదలుపెట్టించినది నథానియల్ వాలిచ్ అనే డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు. 1841లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే ఆంగ్లేయుడు అక్కడ సంరక్షకుడిగా చేరి, జీతం పెరగకుండానే ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయాడు. చెమ్మ, బూజు, పురుగు, చాలీచాలని పుస్తకాలు. వాటి మధ్యనే దేశం నలుమూలల నుంచి వచ్చే పక్షి చర్మాలను పోల్చి చూసి పేర్లు పెట్టేవాడు. 1849లో ఆ మ్యూజియం పక్షుల జాబితా ప్రచురించాడు. దాదాపు ఎవరి మాట కన్నా బ్లైత్ మాటకు తాను ఎక్కువ విలువ ఇస్తానన్న అర్థంలో డార్విన్ జాతుల పుట్టుక మీది తన గ్రంథంలోనే రాశాడు.

అలాంటి బ్లైత్‌కు పక్షులు పంపినవాళ్లలో థామస్ జెర్డన్ ఒకడు. మద్రాసు ప్రాంతంలో పనిచేసిన వైద్యుడు, నెల్లూరులోనూ ఉన్నాడు. అంతకుముందు ఆయన స్కాట్లండ్‌లోని పక్షిశాస్త్రజ్ఞుడు విలియం జార్డిన్‌కు నమూనాలు పంపితే, అవి చేరేసరికి చిమ్మెటలు తినేశాయి. దాంతో జెర్డన్ తన కళ్లనే నమ్ముకుని దక్షిణాది పక్షుల జాబితా రాయడం మొదలుపెట్టాడు. 1839, 1840ల్లో మద్రాసు పత్రికలో వచ్చిన ఆ జాబితాలో 420 జాతులు ఉన్నాయి. ఆ పురుగులకు మనం ఒకరకంగా రుణపడి ఉన్నాం.

1848లో బ్లైత్ ఒక కొత్త పక్షిని వర్ణించాడు, ఇప్పుడు మనం కలివికోడి అంటున్నది అదే. పొడవాటి కాళ్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టెలు. పేరు బైటార్క్వేటస్, రెండు పట్టెలది. బల్ల మీది చర్మం చూస్తే అంతకన్నా మంచి పేరు దొరకదు. జెర్డన్ మాత్రం 1860లలో వేసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో దాని కింద తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటే ‘అడవ వుట తిత్తి’ అని వస్తుంది. నెల్లూరు వైపు తూర్పు కనుమల మీద, కడపలో, రాళ్లూ పల్చని పొదలూ ఉన్న చోట్ల ఉంటుందనీ రాశాడు.

ఈ పేరు చుట్టూ నేను చాలా తిరిగాను. ‘ఉత్త తిత్తి’ అని ఉంటుందా? తిత్తి అంటే సంచి, ఖాళీ సంచి అని అర్థం వస్తుంది. పక్షికి ఖాళీ సంచి అని పేరేమిటి? వేటగాడి సంచి ఖాళీగా మిగిల్చేదనా, లేక తీతువులాంటి పిట్టల కూతను పలికించే మాట అలా వినిపించిందా? తేల్చుకోలేకపోయాను. ముందున్న మాట గురించి మాత్రం సందేహం లేదు, అది అడవి. పెట్టినవాడికి ఈ పక్షి తీరు, తావు రెండూ తెలుసు. మైదానాల్లో తిరిగే దాని దాయాది నుంచి దీన్ని ఆ ఒక్క మాటతో వేరుచేశాడు.

1900 తరువాత చాలాకాలం ఈ పక్షిని చూసినట్టు నమ్మదగిన దాఖలా ఎవరికీ దొరకలేదు. వెతికినవాళ్లు వెతికి వదిలేశారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో, పిట్టలు పట్టేవాళ్లను, వేటగాళ్లను అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పక్షి. బీరువాలో ఎన్ని చర్మాలు పేర్చినా ఆ సంగతి తెలియదు. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు కానీ, ఉందన్న సంగతి బతికింది. ఆ చుట్టుపక్కల శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇందులో ఎవరు ఎవరిని గుర్తుపట్టినట్టు? కలకత్తాలో బ్లైత్ పేరు పెట్టాడు. కడప అని రాసిపెట్టినది జెర్డన్. ఆ రాత అందుకుని కడపకు వెళ్లినది భూషణ్. చేత్తో పట్టుకుని తెచ్చినది ఐతన్న. నాలుగు చేతుల్లో ఏ ఒక్కటి జారినా పక్షి మాయమయ్యేది. మ్యూజియం గోడ మీద మాత్రం మొదటి చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, నాకున్న బాధ అదే.

ఇంకో ముక్క చెప్పి ముందుకు పోతాను. ఈ పక్షి గుడ్డు ఒకటి స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఏళ్ల తరబడి పడి ఉండి, 2013లో వెలుగులోకి వచ్చింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడు సేకరించినది. ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఉన్న పాత చర్మం కాలివేలి ముక్కతో డీఎన్‌ఏ పోల్చి రుజువు చేశారు. గుడ్డుతోపాటు వచ్చిన వివరాలు ఎవరో సర్దుబాటులో పారేసి ఉంటే, అది ఈ రోజు కేవలం ఒక మచ్చల గుడ్డు.

చీటీ అబద్ధం చెబితే

నా వాదనకు గట్టి దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. చీటీని అంతగా నమ్మమంటున్నావు, చీటీయే అబద్ధమైతే?

అయిన సందర్భం ఉంది. బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ వేల పక్షి చర్మాలు సేకరించి పేరు తెచ్చుకున్నాడు. వాటిలో చాలావాటిని మ్యూజియాల నుంచి దొంగిలించి, పాత చీటీలు తీసేసి, తాను పట్టినట్టు కొత్త చోటూ కొత్త తేదీ రాశాడని 1990లలో పమేలా రాస్‌ముస్సెన్, నైజెల్ కాలర్ తేల్చారు. మన దేశపు ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ విషయంలో ఇది మరీ అన్యాయం చేసింది. డేవిడ్‌సన్ అనే అధికారి ఇప్పటి మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో 1880లలో పట్టిన చర్మాన్ని మైనర్ట్‌జాగెన్ కాజేసి, 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర పట్టానని రాశాడు. ఆ చీటీ నమ్మి జనం గుజరాత్‌లో వెతికారు, దొరకలేదు. అబద్ధపు చీటీని పక్కనపెట్టి నిజమైన పాత చీటీలను పట్టుకుని వెళ్లాక, 1997 నవంబరులో మహారాష్ట్రలో శహాదా దగ్గర అది కనిపించింది. 113 ఏళ్ల తరువాత.

ఈ మోసం ఎలా బయటపడిందో చూడండి. చర్మం తయారుచేసే ప్రతి మనిషికీ తనదైన చేతివాటం ఉంటుంది. దూది ఎలా చుడతాడు, కుట్టు ఎక్కడ వేస్తాడు, పుర్రె వెనక ఎంత కోస్తాడు అన్నవి దస్తూరీలాంటివి. మైనర్ట్‌జాగెన్ చీటీ మార్చాడు, పైపైన చర్మాన్ని మళ్లీ సర్దాడు. లోపల డేవిడ్‌సన్ చెయ్యి మిగిలిపోయింది. అంటే కాగితం అబద్ధమాడినా, పక్షిని తయారుచేసిన చేతులు నిజం చెప్పాయి. నా వాదన దీనితో వీగిపోదు. చీటీ ఒక్కటే కాదు, ఆ పక్షి మీద పడిన ప్రతి చేతి జాడనూ కాపాడాలన్న దగ్గరికి నన్ను తోసింది.

ఊరి పేర్ల మీద నా అనుమానాలు

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది, నాలో నేనే పెట్టుకున్నది. ఊరి పేర్లు అంత గొప్పవా? ‘కొంగ’ అంటే ఎన్ని రకాల కొంగలు? ‘పిచ్చుక’ అని ఎన్నిటిని అనలేదు? లిన్నేయస్ కాకులు చేశాడని వేలెత్తి చూపించాను కానీ, మనవాళ్లు కోకిల కుటుంబానికి చెందిన పక్షిని జెముడుకాకి అనలేదా? గడ్డిమైదానాల్లో ఎగిరెగిరి పడే లీఖ్ పక్షిని నేలనెమలి అన్నారు. నెమలికీ దానికీ చుట్టరికం లేదు. తోకపిగిలిపిట్ట కూడా పిగిలిపిట్ట వంశం కాదు. ఊరు మారితే పేరు మారుతుంది, తరం మారినా మారుతుంది. జెర్డన్ నాటి ‘అడవి ఉత్తతిత్తి’ ఈ రోజు కడపలో ఎవరికీ తెలియదు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అంటున్నాం, అది కోడీ కాదు.

ఇవన్నీ ఒప్పుకుంటాను. ఊరి పేరుతో వర్గీకరణ చేయమని నేను అనడం లేదు. ఏ రెండు చర్మాలు ఒకటో, ఏవి వేరో తేల్చడానికి బ్లైత్ పడిన కష్టానికి ప్రత్యామ్నాయం లేదు. వేల చర్మాలను పక్కపక్కన పెట్టి చూడగల చోటు మ్యూజియం ఒక్కటే. బక్లీకి ‘పొన్నంకి’ అని చెప్పిన మనిషికి ఆస్ట్రేలియాలో దాని దాయాదులున్నాయని తెలిసే అవకాశం లేదు.

అయినా ఒక్క తేడా గమనించండి. నేలనెమలి నెమలి కాకపోయినా, ఆ పేరులో దాని ఆట ఉంది, ఉండే చోటు ఉంది. కలివికోడిలో పొద ఉంది. తమిళులు పొన్నంకిని ఆరుమణి కురువి అంటారు, పొద్దున్నే, సాయంత్రం ఆరు గంటల వేళ కూస్తుందని. అందులో వేళ ఉంది. ఈ పేర్లు వంశం చెప్పడంలో తప్పవచ్చు కానీ, జీవితం చెప్పడంలో తప్పవు. చర్మం నుంచి పెట్టిన పేరు వంశం చెబుతుంది. బతుకు చూసి పెట్టిన పేరు మళ్లీ వెతకాల్సి వస్తే ఎక్కడికి, ఏ వేళకు వెళ్లాలో చెబుతుంది. నమూనాకు రెండూ కావాలి. ఒకదాన్ని రాసేటప్పుడు ఇంకోదాన్ని చెరిపేయడం ఎందుకు?

పెద్ద మ్యూజియాల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గుర్తింపు మారితే కొత్త చీటీ కడతారు, పాతది విప్పరు. ఒక్కో పక్షి కాలికి మూడు నాలుగు చీటీలు వేలాడుతుంటాయి, అన్నీ చదివితే దాని చరిత్ర అంతా తెలుస్తుంది. ఇబ్బంది మా కళాశాలలాంటి చోట్ల. తనిఖీ వస్తే శుభ్రం చేస్తారు. శుభ్రం అంటే పాతది పోవాలి, కొత్తది మెరవాలి.

మళ్లీ ఆ గదిలో

రెండో వారం మళ్లీ వెళ్లాను. కుర్ర అధ్యాపకుడితో కూర్చుని ఆ కార్డు గురించి మాట్లాడాను. అక్టోబరు 11 అన్న తేదీ చూపించాను. పొన్నంకి ఉత్తరాన పిల్లలను పెంచుకుని, చలికాలానికి దక్షిణానికి వచ్చే వలస పక్షి. రాత్రిపూట ప్రయాణిస్తుంది, అలసి దీపాల దగ్గర పడిపోవడం, ఇళ్లలోకి వచ్చేయడం ఇప్పటికీ జరుగుతుంది. ఆ ఒక్క తేదీ, ‘రాత్రి’ అన్న మాట, ‘దీపం కింద’ అన్న మాట కలిస్తే 1958లో ఈ ఊరి మీదుగా ఆ పక్షులు ఏ రోజుల్లో దాటాయో చెప్పే సాక్ష్యం. “ఇది మీ కొత్త అచ్చు కాగితంలో ఎక్కడుంది?” అని అడిగాను. ఆయన కాసేపు కార్డు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత, “హాస్టలు వంటమనిషికి ఈ పేరు ఎలా తెలుసంటారు, మేడమ్?” అన్నాడు. నాకు మహా సంతోషం వేసింది. అది పక్షిశాస్త్రంలో అడగాల్సిన ప్రశ్న.

కార్డును విప్పలేదు. పారదర్శకంగా ఉండే చిన్న సంచిలో పెట్టి, అదే పురికొసతో అదే కాలికి కట్టాం. పీట మీద లకుముకి పేరు తీసేసి పొన్నంకి అని రాశాం, కింద లాటిన్ పేరు, దాని కింద ‘పేరు చెప్పినది వంటమనిషి, 1958’ అని. తీసేసిన లకుముకి కాగితాన్ని కూడా పారేయకుండా బీరువా సొరుగులో ఉంచాం, తేదీ వేసి.

ఆ తరువాత మిగతా 18 పక్షులను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పి కాళ్లు చూశాం. 11 పక్షుల కాళ్లకు పురికొస ముడి ఇంకా ఉంది. చీటీ లేదు.